వంతు తప్పిన ఊళ్ళో నాటు వెయ్యం

2002 ఖరీఫ్‌లో నేను పామర్రు వైపు ఒక ఇరిగేషన్ సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్ళు ఆలస్యంగా వదిలారు, వదిలినవి కూడా సగమే. అలాంటప్పుడు మేము ‘టర్న్ సిస్టమ్’ పెడతాం. అంటే వంతులు. కాలువ మీద ఎగువ ఊరికి నాలుగు రోజులు, దిగువ ఊరికి నాలుగు రోజులు. రెండిటికీ మధ్య రెగ్యులేటర్ ఉంటుంది. దాని ఇనుప తలుపులు, అంటే షట్టర్లు, దించితే నీళ్ళు ఎగువ ఊరికి నిలబడతాయి. ఎత్తితే దిగువకు పోతాయి. ఊళ్ళ పేర్లు ఇక్కడ రాయను. ఇప్పుడు ఆ రెండూళ్ళూ బాగానే ఉన్నాయి.

అప్పుడు మాత్రం బాగా లేవు. దిగువ ఊరి వంతు రెండుసార్లు వచ్చిపోయినా శివారు పొలాలకు చుక్క చేరలేదు. నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. ఆ ఊరి మగవాళ్ళు కాలువ గట్టున వచ్చి చూస్తే రెగ్యులేటర్ దాటాక ఉన్న ఎగువ ఊరి చివరి పొలాలు నిండుగా ఉన్నాయి. దొంగతనంగా నీళ్ళు పెట్టుకుంటున్నారని వీళ్ళు, మేం తూములు మూసే ఉంచామని వాళ్ళు. రెగ్యులేటర్ దగ్గర కర్రలతో, పార కామలతో కొట్టుకున్నారు. ఎగువ ఊళ్ళో మూడెకరాల రైతు ఒకాయనకు తల పగిలింది. దిగువ ఊరి కుర్రవాడికి కుడి చెయ్యి విరిగింది. ఇద్దరినీ విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. రెండు వైపులా కేసులు పెట్టారు. పోలీసులు వచ్చి రెగ్యులేటర్ దగ్గర కూర్చున్నారు. ఒక ఊరివాళ్ళు ఇంకో ఊళ్ళోంచి నడవడం మానేశారు.

వారం తరువాత ఒక సోమవారం పొద్దున మళ్ళీ దిగువ ఊరి వంతు మొదలవ్వాలి. చేతిలో వంతుల నోటీసు పట్టుకుని నేను, ఆరుగురు కానిస్టేబుళ్ళతో ఎస్సై గారు రెగ్యులేటర్ మీద నిలబడ్డాం. అటొక గుంపు, ఇటొక గుంపు చేరింది. ఎవరి చేతిలో ఏముందో చూడడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

అంతలో రెండు వైపుల నుంచీ ఆడవాళ్ళు వచ్చారు, ఒక్కో ఊరి నుంచి పాతిక ముప్ఫై మంది. తమ మగవాళ్ళకు తోడొచ్చారనుకున్నాను. వాళ్ళు నేరుగా వచ్చి, షట్టర్లెత్తే చప్టా మీద ఒకరి పక్కన ఒకరు కలిసి కూర్చున్నారు. ఏ ఊరివాళ్ళు ఎవరో తెలియకుండా కలిసిపోయారు. మధ్యలో కూర్చున్న ఇద్దరినీ చూసి ఎస్సై గారు నా చెవిలో గొణిగారు. ఒకామె దిగువ ఊరి నాట్ల ముఠా మేస్త్రి మరియమ్మ. చెయ్యి విరిగింది ఆమె పెద్ద కొడుక్కే. పక్కనున్నది ఎగువ ఊరి శివపార్వతి గారు. తల పగిలింది ఆమె భర్తకే.

మరియమ్మ లేవకుండానే మాట్లాడింది.

“వంతు తప్పిన ఊళ్ళో నాటు వెయ్యం. మా ఊరైనా సరే, ఈ ఊరైనా సరే. రెండూళ్ళ ముఠాలదీ ఒకటే మాట.”

నాట్ల ముఠా అంటే ఎకరాలు ఒప్పుకుని వరి నాటే ఆడవాళ్ళ జట్టు. రెండూళ్ళ ముఠాలూ ఏళ్ళ తరబడి ఒకరి పొలాల్లో ఒకరు నాట్లు వేస్తున్నాయి. వాళ్ళు చెయ్యి కదపకపోతే నీళ్ళుండి కూడా పంట లేదు.

“మీరు కాకపోతే పక్కూళ్ళ నుంచి తెచ్చుకుంటాం,” అన్నాడు ఎగువ ఊరి రైతొకాయన.

“తెచ్చుకోండి బాబూ. కూచిపూడి దాకా ముఠాలన్నిటికీ చెప్పొచ్చాం.”

శివపార్వతి గారి మరిది ముందుకొచ్చి, “వదినా! అన్నయ్య తల పగలగొట్టినోళ్ళ పక్కన కూర్చుంటావా?” అని అరిచాడు.

“పగిలిన తల ఒళ్ళో పెట్టుకుని విజయవాడ దాకా పోయింది నేను, నువ్వు కాదు. ఇంకో తలకు కట్టు కట్టించే ఓపిక నాకు లేదు. ఇంటికెళ్ళు,” అందామె.

అతను వెళ్ళలేదు కానీ, వెనక్కి తగ్గి గుంపులో కలిసిపోయాడు.

ఈ ఇద్దరూ ఎలా కలిశారో తరువాత తెలిసింది. ఆసుపత్రిలో దెబ్బలు తిన్న ఇద్దరివీ ఒకే వార్డులో మంచాలట. మొదటి రెండు రోజులు ఈ ఆడవాళ్ళిద్దరూ మొహాలు చూసుకోలేదు. మూడో రోజు మరియమ్మ ఎక్స్‌రే కాగితాల కోసం తిరుగుతుంటే, ఎడమ చేత్తో తినలేక తిప్పలు పడుతున్న ఆమె కొడుక్కి శివపార్వతి గారు అన్నం కలిపి పెట్టారు. “వాడే మా ఆయన్ని కొట్టాడేమో. అయినా ఆకలితో ఉన్నాడు కదండీ,” అన్నారు నాతో. ఆ వార్డులోనే ఇద్దరూ ఈ ఆలోచన చేశారు.

ఆ రోజు షట్టర్లు ఎత్తించాక మరియమ్మ నన్ను పిలిచింది. “ఏఈ గారూ, ఆ పలక మీద గీతలు ఎట్టా చదవాలో మాకు నేర్పండి. మీరొకటంటారు, మా మగాళ్ళొకటంటారు. మేమే చూసుకుంటాం.”

ఆ పలకను మేము గేజి అంటాం. గోడకు బిగించిన రేకు, దాని మీద అడుగులు, ఒక్కో అడుగుకు పది గీతలు. నేర్పడానికి పావుగంట పట్టింది. ఆ రోజు నుంచి ఊరికిద్దరు చొప్పున నలుగురు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కాపలా కూర్చుని, షట్టర్లు ఎత్తి దించే మా లస్కరుతో పాటు గంటగంటకూ గేజి చూశారు.

రెండో రోజుకు చిక్కు వచ్చింది. రెగ్యులేటర్ దిగువన గేజి రెండడుగులు చూపిస్తోంది, అంటే నీళ్ళు బాగానే వదులుతున్నాం. దిగువ ఊరికి మాత్రం నీళ్ళు చేరలేదు. మధ్యలో ఎగువ ఊరివాళ్ళే తీసుకుంటున్నారని నేను గట్టిగా అనుకున్నాను, మరియమ్మతో అన్నాను కూడా.

“అనుకోవడం ఎందుకండీ? నడుద్దాం పదండి,” అంది.

కాలువ గట్టు వెంట నడవడం మొదలుపెట్టాం, నేను, ఆ ఇద్దరు, మరో నలుగురు ఆడవాళ్ళు. దారిలో తూములన్నీ మూసే ఉన్నాయి. గట్టు కింద దాచిన దొంగ గొట్టాలు మాత్రం రెండు దొరికాయి. అందులో ఒకటి శివపార్వతి గారి పొలానిదే. ఆమె కిందికి దిగి, దాన్ని తన చేతులతోనే పెరికి గట్టు మీద పడేశారు. కానీ ఆ రెండు గొట్టాలకే కాలువ ఎండిపోదు.

తుమ్మ కంప తప్పించుకుంటూ సైఫన్ దగ్గరికి చేరాం. సైఫన్ అంటే మురుగు డ్రెయిన్ అడ్డం వచ్చినచోట కాలువ దాని కిందనుంచి దూరి అవతల తేలే సొరంగం. దాని నోరు నీళ్ళలో మునిగి ఉంటుంది, పైకి కనపడదు. మా రోడ్డు అక్కడికి పోదు. పైనంతా గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంది. మరియమ్మ చీర ఎగ్గట్టి ఇవతల దిగింది. నీళ్ళు మొలలోతు. అవతలి వైపు శివపార్వతి గారు దిగారు. మోకాలికి కూడా రాలేదు.

“ఇక్కడే ఆగిందండీ,” అంది మరియమ్మ, కాలితో తడిమి. “నోటి నిండా డెక్క, బురద. ఏదో తాటి మొద్దు కూడా అడ్డం పడింది.”

ఇవతల నిలిచిన నీళ్ళే పొంగి ఎగువ ఊరి చివరి పొలాల్లోకి ఎక్కుతున్నాయి. వాళ్ళు చెప్పింది చాలావరకు నిజమే.

“దీన్ని ఎవరు చూసుకోవాలండీ?” అని అడిగారు శివపార్వతి గారు.

“నేనే,” అన్నాను. మే నెలలో డెక్క తీసే పని చివరిదాకా అయిందని రిజిస్టర్లో రాసింది నేనే. రోడ్డు మీది నుంచి కనిపించినంత మేర చూసి, మిగతాది పనివాళ్ళు చెప్పింది నమ్మి సంతకం పెట్టాను. ఆ సంతకం వల్ల ఒక తల పగిలింది, ఒక చెయ్యి విరిగింది.

మరియమ్మ గట్టెక్కి, “ఈ మాట రేపు అందరి ముందూ చెబుతారా?” అంది.

చెప్పాను. రెగ్యులేటర్ దగ్గర రెండూళ్ళ జనం ముందు చెప్పాను. ఒక కుర్రవాడు దూసుకొచ్చి ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకున్నాడు. కుడి చేతికి పిండికట్టు ఉంది. మరియమ్మ కొడుకు. ఆమె మా ఇద్దరి మధ్యకూ వచ్చింది.

“చొక్కా వదులు. ఆయన చెప్పకపోతే నీకు తెలిసేదా? ఇంకో ఏడు కూడా వాళ్ళ మీదికే కర్ర ఎత్తేవాడివి.”

వాడు వదల్లేదు. ఆమె వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది, చిన్నపిల్లాడి చేతిలోంచి కత్తి తీసుకున్నంత నెమ్మదిగా.

మర్నాడు రెండూళ్ళ మగవాళ్ళూ కొక్కేలు, మోకులు తీసుకుని సైఫన్‌లో దిగారు. తాటి మొద్దు లాగడానికి పాతికమంది పట్టారు. పనికి రెండు రోజులు పట్టింది. మొద్దు బయటికొచ్చినప్పుడు నీళ్ళు అవతలి వైపు బుడబుడమంటూ ఉబికాయి. తిట్టుకున్న నోళ్ళతోనే అందరూ ఒక్కసారి కేక పెట్టారు.

దిగువ ఊళ్ళో కొన్ని నారుమళ్ళు అప్పటికే పోయాయి. ఎగువ ఊరివాళ్ళు మిగిలిన నారు ఇచ్చారు, అదీ ఆడవాళ్ళు అడిగితేనే. నాట్లు నెల ఆలస్యమైనా రెండూళ్ళలోనూ పడ్డాయి. నాకు పైనుంచి మెమో వచ్చింది. అది న్యాయమే. కేసులు తరువాత రాజీ అయ్యాయి. కాపలా మాత్రం అక్టోబరు దాకా ఒక్క రోజు కూడా తప్పలేదు. కూలి పోగొట్టుకుని, వంటలు పొద్దున్నే ముగించుకుని వచ్చి కూర్చున్నారు. ఆ రెగ్యులేటర్ దగ్గర మళ్ళీ ఎవరూ కర్ర ఎత్తలేదు.

డిజైన్లు, నీటి ప్రవాహం లెక్కలు నాకు కాలేజీలో నేర్పారు. తగాదాలో ఎవరిది తప్పో అడిగే ముందు రెండు వైపులవాళ్ళనూ కలిపి కాలువ పొడవునా నడిపించాలని మాత్రం ఆ ఆడవాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. తరువాతి ఉద్యోగమంతా అదే చేశాను. నా తప్పు బయటపడుతుందేమోనన్న భయం ఉన్నప్పుడు మరీ పట్టుబట్టి చేశాను.

బదిలీ అయి వెళ్ళిపోయే ముందు మరియమ్మను అడిగాను, ఆ సోమవారం అన్ని కర్రల మధ్యకు వచ్చి కూర్చోడానికి భయం వెయ్యలేదా అని.

“ఎందుకెయ్యదండీ? నాకూ పార్వతమ్మ గారికీ కాళ్ళు ఒకటే వణుకు,” అని నవ్వింది. “నిలబడలేకే గదండీ కూర్చున్నాం.”