జోగమ్మ ఊదిన ముక్క

హిందీవాళ్ల ఊరి బర్మామైన్స్ వాడ‌లో చేపలు కోసి అమ్మిన జోగమ్మ, ఆసుపత్రి వెనకున్న పరిశోధనశాలలో ఆయాగా చేరి ఆరేళ్లకి ముక్కలు కోసే మిషను దాకా వచ్చింది. చేపని కోసినా మనిషిని కోసినా ఒకటేనా అని వాడలో ఆడవాళ్లు మూతులు తిప్పారు. తిప్పనీ, అరిగితే వాళ్ల మూతులే.

ఆ మిషను ఒక మంచుపెట్టె. లోపల కత్తి, బయట దాన్ని ఆడించే పిడి, పైన అద్దం మూత, పక్కన చలి పెంచి తగ్గించే మీట. గడ్డకట్టిన ముక్కని ఉల్లిపొర కన్నా పల్చగా కోయాలి. చలి ఎక్కువైతే ముక్క చిట్లుతుంది. తక్కువైతే జావలా కత్తికి అంటుకుంటుంది. దేనికెంత చలి కావాలో కాయితం మీద రాసి గోడకి అంటించారు. టెక్నీషియన్ రత్నానికి ఆ కాయితం మీదున్న నమ్మకం కన్నతల్లి మీద కూడా లేదు.

ఎనభైమూడు వానాకాలంలో పెట్టెలోకి వచ్చింది జోగమ్మ తమ్ముడు బంగార్రాజు ఊపిరితిత్తి. గమ్హరియాలో రాయి పిండిచేసే మిల్లులో పన్నెండేళ్లు చేసి, దగ్గి దగ్గి పోయాడు. కోసుకోమని వేలిముద్ర వేసింది జోగమ్మే. లోపల రాతిపొడి కనబడితే పనివాళ్లని ఆ మర దగ్గర నుంచి తీయించేలా పైకి రాస్తానంది పరిశోధనశాల డాక్టరమ్మ. ఇప్పుడు ఆ మర దగ్గర నిలబడేది జోగమ్మ కొడుకు బలరామ్.

రత్నం మొదటి ముక్క పెట్టాడు. చిట్లింది. రెండోదీ అంతే. కత్తి తగిలినప్పుడల్లా పెట్టెలోంచి రెండు పొడి చప్పుళ్లు, వెనకే ఒక సాగు చప్పుడు. ఏడాదిపాటు పక్కగదిలోంచి విన్న దగ్గు అది. జోగమ్మ గాజుపలక పట్టుకుని పెట్టె దగ్గరికి జరిగింది.

“ఇంకెన్నున్నాయిరా?”

“ఏక్ హీ హై, పిన్నీ. ఒకటే.”

“అయితే సలి తగ్గించు. ఆకరికి ఆడి గుండెల్నిండా నీరే. నీరు పట్టిన సేప ఐసులో రాయైపోద్ది, కత్తి దిగదు.”

“చార్ట్ మే మైనస్ బీస్ లిఖా హై.” గోడ మీది కాయితంలో మైనస్ ఇరవై అన్నచోట వేలు పెట్టాడు రత్నం.

“ఆ రాసినోడు మా తమ్ముణ్ని సూసేడేటి?”

రత్నం కుర్చీ వెనక్కి జరిపాడు. “పాడైతే డాక్టరమ్మకి నువ్వే సెప్పుకో.”

ఆమె మీటని మైనస్ పన్నెండుకి తిప్పి కాచుకుంది. తర్వాత పిడి తిప్పింది. అంచు చిట్లింది. మళ్లీ ఆ దగ్గు.

జోగమ్మ మూత తీసి, తల లోపలికి వంచి, ముక్క మీద మెల్లగా ఊదింది. రెండుసార్లు ఊది ఆపింది. ఆపినా పెట్టె అడుగునుంచి తెల్లటి ఆవిరి లేచి ఆమె మొహానికి తగిలింది, వెచ్చగా. వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది.

రత్నం గోడకి అంటుకుపోయాడు. “పిన్నీ, మూతేసీ.”

“ఉండ్రా. ఊపిరి తీసుకుంతన్నాడు.”

పిడి తిప్పింది. ఈసారి చప్పుడే లేదు. పొర తడి కాయితంలా గాజుపలక మీద పరుచుకుంది.

భూతద్దం కింద దాన్నిండా గాజుపొడి మెరిసినట్టు రాయి మెరిసింది. డాక్టరమ్మ ఆ పూటే రాసింది. నెల తిరక్కుండా బలరామ్‌ని గేటు పనికి మార్చారు.

గోడ మీది కాయితం చివర రత్నం పెన్సిలుతో ఒక వరుస చేర్చాడు: నీరు పట్టిన ఊపిరితిత్తి, పన్నెండు. అలాంటి ముక్క వస్తే మాత్రం మూత తను తీయడు. జోగమ్మ వచ్చి, “నానేరా” అని లోపలికి చెప్పి తీసేదాకా కాచుకుంటాడు.