తొమ్మిదో గ్లాసు దగ్గరి తడి

2023 జూన్. మిరుగు కార్తె సగం గడిచినా పాలమూరు మీద మబ్బు నిలవలేదు. అప్పటికి ఆరేళ్లుగా నేను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో నేల మీద తిరిగే పురుగులను లెక్కపెట్టే ఉద్యోగంలో ఉన్నాను. ఈ మాట చెబితే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. ఎండకు మాడే ఈ ఊళ్లు పెరిగి, చెలకలు ప్లాట్లవుతుంటే చీమలు, సాలీళ్లు, పేడపురుగులు, తేళ్లలో ఏవి మిగులుతున్నాయో, ఏవి పోతున్నాయో చూడటం మా పని.

దానికి వాడేది పిట్‌ఫాల్ ట్రాప్. పేరు పెద్దదే గానీ వస్తువు ఒట్టి ప్లాస్టిక్ గ్లాసు. అంచు నేలకు సమంగా ఉండేలా పాతి, సగం దాకా సబ్బునీళ్లు పోసి, పైన మూడు రాళ్ల మీద పెంకు పెడతాం. నడిచిపోయే పురుగు అందులో జారి పడుతుంది. వారానికోసారి తీసి, ఏరి, రకాల వారీగా లెక్క రాస్తాం. లెక్క పక్కనే ఇంకో గడి ఉంటుంది, నేల తడి అని. ప్రతి గ్లాసు దగ్గరా మన్ను చేత్తో పట్టి చూసి నింపాలి. నా పరువు పోయింది ఈ గడిలోనే.

నాగర్‌కర్నూల్ శివారులో అమ్ముడుపోని ప్లాట్ల వెంట నావి పన్నెండు గ్లాసులు. వాటిని ఆనుకుని ఉన్న రెండెకరాల ఎర్ర చెలకను ఈదమ్మ కౌలుకు చేసేది. అరవై దాటిన మనిషి, ఒక్కతే. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె మొదట్లో నన్ను గ్లాసుల మేడం అనేది, పోను పోను బిడ్డా అంది. వెళ్లినప్పుడల్లా గట్టు మీద కూర్చుని ఇవాళ ఏం పడ్డాయని అడిగేది. నోరు లేని పురుగుల్ని సబ్బునీళ్లలో ముంచినందుకు నీకు జీతం కూడా ఇస్తరా అని ఒకసారి కడిగేసింది. నాకు ముక్కు మీదే కోపం. ఇంకెవరైనా ఆ మాట అంటే ఊరుకునేదాన్ని కాదు. ఆమె అంటే మాత్రం తలొంచుకుని పురుగులు ఏరుకున్నాను.

ఆమె ఇంట్లో ఒక కుండ విత్తనం ఉండేది. పచ్చజొన్న, అత్త చేతి నుంచి వచ్చిన రకం. ఏటా మంచి కంకులు ఏరి, బూడిద, వేపాకు కలిపి దాచేది. చుట్టుపక్కల అందరూ పత్తికి మళ్లారు. దుకాణంలో అడిగితే ఆ రకం పేరు కూడా తెలియదంటారు. ఆ కుండ ఖాళీ అయితే ఇక ఆ జొన్న లేనట్టే.

విత్తడానికి ఆమెకు గుర్తు ఆరుద్ర పురుగు. ఎర్రని మఖమల్ ముక్కలా ఉంటుంది. ఎనిమిది కాళ్లు, సాలీడుకు చుట్టం. వాన నేల లోపలికి దిగితేనే పైకి లేస్తుంది. ఆ ఏడు ఈదమ్మ కళ్లకు పొర వచ్చింది. "కండ్లు ఆనుతలేవు బిడ్డా. పురుగు లేస్తె నువ్వే జెప్పాలె" అంది. మా ఆఫీసులో ఎవరూ నా లెక్కను అంత నమ్మకంగా అడగలేదు. నాకు గర్వంగా అనిపించింది.

ఒక సాయంత్రం చిన్న జల్లు పడింది. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే తొమ్మిదో గ్లాసులో ఆరు, పదో గ్లాసులో ఎనిమిది ఆరుద్ర పురుగులు. పక్కన నేల మీద ఇంకో నాలుగు నడుస్తున్నాయి. ఆ ఏడు అవే మొదటివి. మిగతా పది గ్లాసుల్లో ఒక్కటీ లేదు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఎండ ముదరక ముందే వనపర్తి చేరాలన్న తొందరలో ఆగలేదు. తడి గడిలో మొదటి గ్లాసుకు 'వాన తడి' అని రాసి, కింద పదకొండింటికీ డిటో పెట్టేశాను.

గట్టు దగ్గరికి వెళ్లి పురుగులు లేచాయని ఈదమ్మకు చెప్పాను. ఆమె సంబరపడలేదు.

"నిన్నటిది జల్లే గదా. నిజంగ లేసినయా? జర మంచిగ సూడు."

"నేను లెక్కబెట్టిన పెద్దమ్మా. లెక్క తప్పదు."

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ లెంపలేసుకోవాలనిపిస్తుంది. మర్నాడే ఆమె గొర్రు కట్టించి కుండంతా విత్తింది. ఏటా నాలుగు దోసిళ్లు వెనక్కి ఉంచేదట. కిందటేడు పంట పలచన కావడంతో ఈసారి ఉంచడానికి మిగల్లేదు.

వారం తర్వాత వెళ్లాను. ఆ జల్లు తర్వాత చుక్క రాలలేదు. పైతడికి మొలిచిన జొన్న వేలెడు లేచి, వాడి, సగం అప్పుడే నేలకు అంటుకుపోయింది. గ్లాసులు తీస్తుంటే తొమ్మిదిలో, పదిలో మళ్లీ ఆరుద్ర పురుగులు కనిపించాయి. వాన లేకుండా ఇవెట్లా లేస్తున్నాయి?

మోకాళ్ల మీద కూర్చుని మొదటి గ్లాసు దగ్గర మన్ను తీశాను. పిండిలా రాలింది. తొమ్మిదో గ్లాసు దగ్గర తీస్తే ముద్ద కట్టింది. జానెడు తవ్వగానే నీళ్లు ఊరాయి. ప్లాట్లకు వేసిన మంచినీళ్ల పైపు అతుకు దగ్గర కారుతోంది. ఎన్నాళ్ల నుంచి కారుతోందో.

చెప్పకుండా వెళ్లిపోవచ్చు. వాన మోసం చేసిందని ఆమె అనుకునేది, నన్ను ఎవరూ అడిగేవాళ్లు కాదు. బండి దాకా వెళ్లాను కూడా. తాళం పెట్టి, మళ్లీ తీసేశాను. వెనక్కి వచ్చి మొత్తం చెప్పేశాను, డిటో సంగతితో సహా.

ఈదమ్మ నా చెయ్యి పట్టుకుని తొమ్మిదో గ్లాసు దగ్గరికి నడిచి వచ్చింది. పిడికెడు మన్ను పిసికి, వాసన చూసి, "ఇది వాన తడి గాదు" అంది. నన్ను తిట్టినా బాగుండేది. పిసికిన మన్ను పక్కన వేసి, తన చెలక వైపు తిరిగి కూర్చుంది.

"పురుగుకేం తెల్సు, అది పైపని? తడి తగిలింది, లేసింది. నేను గూడ గంతే జేస్తి" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆమే కొంగుతో నా మొహం తుడిచింది.

లేచి వెళ్తూ గట్టు అవతల కాలు పెట్టిన ఆమె, తడి తగిలి అక్కడే వంగింది. పైపు నీళ్లు గట్టు కింది నుంచి చెలకలోకి దిగుతున్నాయి. చివరి రెండు సాళ్లలో జొన్న నిలబడి ఉంది. కళ్లు ఆనక వేళ్లతో ఆకులు తడుముకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లింది. "ఇవి బతికితె విత్తనం బతుకుతది" అంది.

వీధి కుళాయి కారుతుంటే మున్సిపాలిటీ వాళ్లతో పోట్లాడే దాన్ని నేను. ఆ లీకు సంగతి మాత్రం జులైలో వానలు కుదురుకునే దాకా ఎవరికీ చెప్పలేదు. తప్పే, ఒప్పుకుంటున్నాను. మిగతా చెలకలో ఆమె ఆముదాలు వేసింది. ఆ రెండు సాళ్ల కంకులతో కుండ సగానికి పైగా నిండింది. నేను నోటుపుస్తకంలో డిటోలు కొట్టేసి, తొమ్మిది, పది పక్కన 'పైపు తడి' అని రాసి, తప్పు నాదేనని పైవాళ్లకు పంపాను. అప్పటి నుంచి నా దగ్గర పని నేర్చుకునేవాళ్లను డిటో పెట్టనివ్వను. పురుగు ఏదో ఒకటి చెబుతుంది, ఎందుకు చెబుతోందో మన్ను పట్టి చూస్తేనే తెలుస్తుంది.

మరుసటి ఏడు వాన బాగా దిగింది. ఈదమ్మకు అప్పటికి కంటి ఆపరేషన్ అయింది. నేను వెళ్లేసరికి కుండ పక్కన పెట్టుకుని గట్టు మీద ఉంది.

"మన్ను సూసినవా బిడ్డా?"

పన్నెండు చోట్లా పిడికెడు మన్ను తీసి, ఒక్కొక్కటే తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాను. పిసికి చూసి పక్కన వేస్తోంది. ఆరుద్ర పురుగులు ఆమె కాళ్ల దగ్గరే తిరుగుతున్నాయి. ఇప్పుడు అవి ఆమెకు బాగా కనిపిస్తున్నాయి. అయినా నేను పన్నెండో పిడికిలి తెచ్చేదాకా కుండ మూత తీయలేదు.