వేదిక మీది కండక్టరు

మా మామయ్య తొమ్మిదేళ్ళపాటు, ప్రతి ఆదివారమూ, వినబడనివాళ్ళ కోసం పాస్టరుగారి ప్రసంగాన్ని చేతులతో చెప్పాడు. మా సంఘంలో వినబడనివాళ్ళు ఒక్కరూ లేరు.

మొదటిరోజు ఉన్నట్టుండి వేదికెక్కి, పాస్టరుగారికి మూడడుగుల దూరంలో నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు. దీవెన అందుకుంటున్నాడనుకుని పాస్టరుగారు కాసేపు ఆగారు. ఎంతకీ చేతులు దిగలేదు. ఆరాధనయ్యాక పెద్దలు అడిగితే, ఎప్పుడో ఒకప్పుడు వినబడనివాళ్ళు రాకపోతారా, వచ్చాక మనిషి కోసం వెతుక్కుంటామా అన్నాడు. ఆ ఎప్పుడో కోసం సంఘం కొన్నాళ్ళు ఓపిగ్గా, కొన్నాళ్ళు నవ్వుతూ, ఆ తర్వాత తల పట్టుకుని ఎదురుచూసింది.

మామయ్య ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరు. సంజ్ఞల భాష నేర్చుకుందామని ఓ పుస్తకం కొన్నాడు గాని పదో పేజీ దాటలేదు. మిగతాదంతా డ్యూటీలోంచి తెచ్చుకున్నాడు. పాస్టరుగారు "పశ్చాత్తాపపడండి" అంటే, డ్రైవరుకి రివర్సు చెప్పినట్టు అరచేతులు ఊపి, వెనక్కి, ఇంకా వెనక్కి, అంటూ చివర్లో గాలిని రెండు చరుపులు చరిచేవాడు. రక్షణ అంటే, లోపలికి జరగండి, చోటుంది. నిత్యజీవం అంటే, డైరెక్టు, మధ్యలో ఎక్కడా ఆగదు. నరకం దగ్గర చెయ్యి అడ్డంగా ఊపి మొహం తిప్పేసుకునేవాడు. ఏదో ఒకనాడు వానలో స్టాపు దగ్గర నిలబడి ఆ సంజ్ఞ చూడనివాళ్ళు మాలో ఎవరూ లేరు కాబట్టి, నరకం మాత్రం మాకు బాగా అర్థమయ్యేది.

నిజానికి ఆ హాల్లో నవ్వుకోడానికి ఇంకేమీ ఉండేది కాదు. చెమ్మెక్కిన గోడలు, కిర్రుమనే బెంచీలు, ఏటికేడాది పలచబడే జనం. సగంమంది మోకాళ్ళ నొప్పులతో వచ్చేవారు, సగంమంది దిగులుతో. నేను అమ్మ పోరు పడలేక వచ్చేవాణ్ణి. ఏడాది చివర అందరికీ కృతజ్ఞతలు చెప్పే జాబితాలో ఊడ్చేవాళ్ళుండేవారు, మైకతనుండేవాడు, కుర్చీలు అరువిచ్చే పక్కింటాయన కూడా ఉండేవాడు. మామయ్య పేరు ఒక్క ఏడాదీ లేదు. మరచిపోయి కాదు; చెబితే ప్రోత్సహించినట్టవుతుందని.

అందరికన్నా ఎక్కువ వెక్కిరించేది మా అత్తయ్య. మొదటి వరసలో, సరిగ్గా ఆయనకెదురుగా కూర్చుని చూసి, బయటికొచ్చాక "దోమలు తోలుకుంటున్నట్టు ఆ చేతులేమిటో" అనేది. అత్తయ్య మాట్లాడటం మొదలుపెడితే ఎదుటివాళ్ళకి సందు దొరకదు. తనే అడిగి, తనే జవాబు చెప్పుకుని, తనే నవ్వుకుని వెళ్ళిపోతుంది. ఆవిడ తీరే అంతని అందరం సరిపెట్టుకున్నాం.

తొమ్మిదో ఏట నిజంగానే ఒకాయన వచ్చాడు. పొరుగూరి నుంచి మకాం మార్చిన వడ్రంగి, పుట్టుకతోనే వినబడదు. ఆయన్ని తెచ్చి ముందు కూర్చోబెట్టారు. ఆ రోజు మామయ్య చొక్కా తడిసిపోయేదాకా చెప్పాడు. ప్రసంగమయ్యాక ఒక పెద్దాయన కాగితం, కలం ఇచ్చి, అర్థమైందా అని రాసి అడిగాడు. వడ్రంగి చాలాసేపు మొహమాటపడి రాశాడు: "ఆయన ఏదో చెబుతున్నారు. కానీ నాతో కాదు."

పెద్దలకి అంతకన్నా ఏం కావాలి? వచ్చే ఆదివారం నుంచి మామయ్య వేదిక ఎక్కడానికి వీల్లేదని తీర్మానించారు. ఆ మాట చెప్పే పని, చదువుకున్నవాణ్ణీ మేనల్లుణ్ణీ అని నాకు అంటగట్టారు. అబద్ధమెందుకు, నాకు లోలోపల సంతోషంగానే ఉంది. ఎవరూ అడగని సేవ చేసి అలిసిపోవడం భక్తి అని నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమే చీకటి పడ్డట్టుంది, బయట ముసురు. అత్తయ్య అటు తిరిగి పొయ్యి దగ్గర కూరగాయలు తరుగుతోంది. పలకరించాను. మళ్ళీ పలకరించాను. కత్తి ఆగలేదు. మామయ్య నెమ్మదిగా లేచి లైటు స్విచ్చి రెండుసార్లు ఆర్పి వేశాడు. అత్తయ్య వెంటనే తిరిగి, ఎప్పుడొచ్చావురా, తడిశావా, మీ అమ్మ కాలు ఎలా ఉంది, తగ్గే ఉంటుందిలే, అంటూ అందుకుంది.

"బల్బు సరిగ్గా వెలగట్లేదు" అన్నాడు మామయ్య నావైపు చూడకుండా.

బల్బు శుభ్రంగా వెలుగుతోంది. వడ్రంగి రాసిన కాగితం నా జేబులోనే ఉంది. మామయ్యని వరండాలోకి తీసుకెళ్ళాను.

"ఎన్నాళ్ళయింది?"

"డాక్టరు చెప్పి తొమ్మిదేళ్ళు. అంతకుముందే ఓ రెండేళ్ళు ఉంటుంది."

"చెవిలో పెట్టుకునే మిషను కొనచ్చుగా."

"కొన్నాను. పెట్టుకుంటే నలుగురికీ కనబడుతుంది, ఇంక గుడి గడప తొక్కనంది."

"ఆవిడ కనబడకూడదని నువ్వు కనబడుతున్నావా?"

"నాకేంట్రా, ముప్పై ఏళ్ళు జనం మధ్య నిలబడి తిట్లు తిన్నవాణ్ణి."

"ఆవిడ ఒక్కసారైనా బాగుందందా?"

"చెయ్యి ఇంకాస్త కిందికి పెట్టమంది ఒకసారి. మైకు అడ్డొస్తోందట."

విసుగు రాదా అని అడిగాను.

"వస్తుంది. ఆదివారం పొద్దున్న చొక్కా వేసుకునేటప్పుడు కచ్చితంగా వస్తుంది. దేవుడేమో పలకడు, ఈవిడేమో మెచ్చదు. ఇంతలో గుండీలు పెట్టేసుకుంటాను. పెట్టుకున్నాక ఇంకేం చేస్తాం, బయల్దేరతాం." లోపలికి ఓసారి తొంగిచూసి, "ఎవరికీ చెప్పకు" అన్నాడు. తీర్మానం సంగతి నేనింకా ఎత్తనేలేదు.

పెద్దల దగ్గరికి వెళ్ళి, ససేమిరా అంటున్నాడని చెప్పాను. వేదిక మీంచి దింపితే గేటు బయట రోడ్డు మధ్యలో నిలబడి చెబుతానంటున్నాడనీ, ఆపడం నా వల్ల కాదనీ చెప్పాను. సంఘంలో నేనాడిన మొదటి అబద్ధం కాదు గాని, పనికొచ్చిన మొదటిది అదే. వాళ్ళు రోడ్డు మీద బారులు తీరిన బస్సుల్ని ఊహించుకుని తర్జనభర్జన పడ్డారు. చివరికి, వేదిక మీద వద్దు, కుడిపక్క స్తంభం దగ్గర నిలబడి ఆయన పిచ్చి ఆయన్ని పడనివ్వండన్నారు.

తర్వాతి ఆదివారం మామయ్య ఆ చీకటి స్తంభం పక్కన నిలబడి చేతులెత్తాడు. నేను వెనకనుంచి చూస్తున్నాను. తొమ్మిదేళ్ళుగా మొదటి వరసలో నడిమి చోటు ఎవరికీ ఇవ్వని అత్తయ్య, అక్కడ ఫ్యాను గాలి రావట్లేదని సణుక్కుంటూ సంచీ, గొడుగూ తీసుకుని కుడిపక్క బెంచీ చివరికి మారింది. అక్కడ అసలు ఫ్యానే లేదు.

ఆరాధనయ్యాక బయట మెట్ల మీద నా చొక్కా పట్టుకుని ఆపింది.

"అలా చూస్తావేమిట్రా? మీ మామయ్య సంగతి నాకు తెలీదూ? ఇన్నేళ్ళలో ఆయన్ని చూసినవాళ్ళు ఒక్కరు లేరు, పాపం. నేనైనా చూడకపోతే చిన్నబుచ్చుకోడూ?" అని, నా జవాబు కోసం ఆగకుండా గొడుగు విప్పుకుని వానలోకి దిగింది.