రెండో చెవి మేనమామ

అల్లూరులో రైసు మిల్లు పద్మనాభయ్యగారి మనవడికి ఇప్పుడు ఐదేళ్ళు. ఆ పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టి చూస్తే కుడి చెవి పోగు ఉండవలసిన చోటే ఉంటుంది. ఎడమ చెవి పోగు మాత్రం కాస్త పైకెక్కి ఉంటుంది. కొత్తవాళ్ళు చూసి కంసాలిని తిడతారు. కంసాలి తప్పేమీ లేదు. దానికి కారకుడు సైకిలు షాపు హెబ్రోను.

హెబ్రోను అద్దెకు సైకిళ్ళిస్తాడు. బస్సులు ఆగేచోట రేకుల పంచ, గాలి పంపు, పంక్చర్లు చూసే నీళ్ళ బేసిను, అదీ షాపు. మనిషి సన్నంగా, పొడుగ్గా ఉంటాడు. చేతుల గ్రీజు ఎన్నడూ పూర్తిగా వదలదు. చొక్కా జేబులో బాగు చేయవలసిన సైకిలు బెల్లు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. నడుస్తుంటే అది తనంతట తానే టింగుమంటుంది. అంచేత హెబ్రోను వచ్చేముందే హెబ్రోను వస్తున్నట్టు ఊరికి తెలుస్తుంది.

తల్లి రెబెక్కమ్మతో ఊరికి తూర్పున ఉన్న పేటలో కాపురం. పేటంతా క్రైస్తవులు. వాళ్ళు ఆదివారం ఎంత తెల్లని బట్టలు కట్టినా, ఎంత చక్కగా పాటలు పాడినా, ఊళ్ళోవాళ్ళ లెక్కలో పేటవాళ్ళు పేటవాళ్ళే. వాకిట్లో నిలబడి పని చెప్పించుకుని పోవలసిన వాళ్ళే.

మా ఊళ్ళో గ్రామ సేవా సంఘం ఒకటి ఉంది. పద్మనాభయ్యగారు దానికి అధ్యక్షులు. మిల్లు పక్కగదిలో ఆఫీసు, ఒక బీరువా నిండా పుస్తకాలు, రోజూ వచ్చే పత్రిక. నేను చదువుకున్నదంతా ఆ గదిలోనే కనక సంఘాన్ని తిట్టే హక్కు నాకు తక్కువ. అయినా తిడతాను. సంఘం వాళ్ళు ఎండాకాలం చలివేంద్రం పెడతారు. కలరా సూదులు వేయించుకోమని వీధి వీధీ తిరిగి చెబుతారు. తుఫాను వస్తే గంజి కాస్తారు. గాంధీ జయంతికి బజారు ఊడుస్తారు. ఈ మాటల్లో పెట్టేదీ, తిరిగేదీ, కాచేదీ, ఊడిచేదీ ఎవరయ్యా అంటే హెబ్రోను. సభ్యులు కుర్చీల్లో కూర్చుని తీర్మానిస్తారు. హెబ్రోను సభ్యుడు కాడు, కార్యకర్త. కార్యకర్తకు కుర్చీ ఉండదు.

"నీకు కోపం రాదా అన్నా?" అని అడిగాను ఒకసారి.

"కూచుంటే పని ఎవురు చేస్తారబయా?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

చైనా యుద్ధమప్పుడు జవాన్లకు రక్తమిద్దామని సంఘం సభ పెట్టింది. నెల్లూరు నుంచి డాక్టరు వచ్చి అందరి వేళ్ళకూ సూది గుచ్చి, ఎవరిది ఏ రకం నెత్తురో చెప్పాడు. హెబ్రోనుది ఎవరికైనా ఎక్కించదగిన రకమట. పద్మనాభయ్యగారు మైకు పట్టుకుని, "నెత్తుటికి కులమేది? మతమేది? మనందరిలో పారేది ఒకటే ఎరుపు" అని గంభీరంగా ఉపన్యసించారు. చప్పట్లు బాగా మోగాయి. కొన్నాళ్ళకే యుద్ధం ఆగిపోయింది. నెత్తురు ఇవ్వవలసిన అవసరం తప్పినందుకు సభ్యులందరూ దేశభక్తితో ఊపిరి పీల్చుకున్నారు.

ఆ మరుసటి ఏడే పద్మనాభయ్యగారి కోడలు ఇందిరమ్మకు పురుడొచ్చింది. తల్లి లేని పిల్ల కావడంతో పుట్టింటికి పంపకుండా అత్తగారింట్లోనే ఉంచారు. భర్త మద్రాసులో లా చదువుతున్నాడు. కాన్పు కష్టమైంది. మొగబిడ్డ పుట్టాడు గాని, తల్లికి నెత్తురు ఆగలేదు. నులకమంచం మీద పడుకోబెట్టి కారు దాకా మోసినవాళ్ళలో హెబ్రోను ఒకడు. పరుగులు పెట్టడానికి మనిషి కావాలి గనక అతన్నీ కారులో ఎక్కించుకుని నెల్లూరు పెద్దాసుపత్రికి పోయారు. విడవలూరు నుంచి ఇందిరమ్మ అన్న, దర్గా మొక్కుతో పుట్టిన హజరత్తయ్య అక్కడికే వచ్చాడు. హజరత్తయ్య భారీ మనిషి. మీసాలు అంతకంటే భారీ.

డాక్టరు బయటికి వచ్చి, వెంటనే రక్తం ఎక్కించాలి, ఎవరిస్తారని అడిగాడు.

"నా చెల్లెలికి నేనియ్యక ఇంకెవురిస్తారు? ఎంత కావాలంటే అంత తీసుకోండి!" అంటూ హజరత్తయ్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు. లోపలికి పోయాడు. గాజు బుడ్డి చూశాడు, గొట్టం చూశాడు, సూది చూశాడు. "ఒక్క నిమిషం, బీడీ తాగొస్తా" అని బయటికి వచ్చాడు. తర్వాత వెతికితే బస్సు స్టాండు బెంచీమీద చెమటలు కక్కుతూ కనిపించాడు. పద్మనాభయ్యగారికి చక్కెర జబ్బు. ఇక మిగిలింది హెబ్రోను.

"ఇతనిది నేను చూసిన నెత్తురే గదా, సరిపోతుంది" అన్నాడు డాక్టరు. యుద్ధమప్పుడు వేళ్ళకు సూదులు గుచ్చినవాడు ఆయనే.

"ఇంకెవరూ దొరకరా డాక్టరుగారూ?" అన్నారు పద్మనాభయ్యగారు మెల్లగా.

ఆయన భార్య ప్రమీలమ్మ కసురుకుంది. "దొరికేదాకా ఆ బిడ్డ ఉంటాదా? పోరా హెబ్రోనా, పడుకో పో."

హెబ్రోను పడుకున్నాడు. నెత్తురిచ్చి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి, ఇందిరమ్మ ఎలా ఉందోనని గుమ్మం దగ్గర తొంగి చూశాడు. ఆమెకు అప్పుడే తెలివి వచ్చింది. నర్సుకు వీళ్ళ సంగతులేం తెలుసు? నెత్తురిచ్చినవాడు అన్నే అయి ఉంటాడనుకుని, "అదుగో, మీ అన్న. ఆయన నెత్తురే నీకెక్కించాం" అంది. ఇందిరమ్మ తల తిప్పి చూసింది. హజరత్తయ్య మీసాలు లేవు. గుమ్మంలో సైకిలు షాపు హెబ్రోను ఉన్నాడు. కాసేపు అలాగే చూసి, "అన్నా, గుక్కెడు నీళ్ళియ్యి" అంది.

హెబ్రోను గ్లాసుతో నీళ్ళు తాగించాడు. ఆ పిలుపు అతన్ని అప్పటినుంచీ పట్టుకుంది.

అతనికొక చెల్లెలుండేది, కరుణాకుమారి. పురిట్లోనే, ఇట్లాగే నెత్తురు ఆగక, బండిలో ఆసుపత్రికి పోతుండగా దారిలోనే పోయింది. బిడ్డా దక్కలేదు. దాన్ని గురించి హెబ్రోను ఎన్నడూ మాట్లాడడు. ఆ సాయంత్రం మాత్రం ఇంటికి పోయి, "మా, నాకు మళ్ళా చెల్లెలు దొరికింది. మేనల్లుడు గూడా ఉండాడు" అన్నాడు.

రెబెక్కమ్మ కొడుకు నొసటిమీద చెయ్యి పెట్టి చూసింది. "నెత్తురొక్కటే తీసినారా, బుర్ర గూడా తీసుకున్నారా నాయనా?"

ఇందిరమ్మ ఇంటికి వచ్చిన వారానికి హెబ్రోను చీకటితోనే లేచి ఇస్కపల్లి రేవుకు తొక్కాడు. వలలు ఒడ్డుకు లాగేదాకా కూర్చుని, పాలసొర్రలు ఏరి తెచ్చాడు. ఆ చిన్న సొర్రచేపలు తింటే బాలింతకు పాలు పడతాయని మా తీరంలో నమ్మకం, పుట్టింటివాళ్ళు తెచ్చిపెట్టడం రివాజు. పద్మనాభయ్యగారి పెరటి వాకిట్లో నిలబడి, "అత్తా!" అని కేకేశాడు.

ప్రమీలమ్మ బయటికి వచ్చి అటూ ఇటూ చూసింది. "ఎవుర్రా నీకు అత్త?"

"నా చెల్లెలికి అత్తయితే నాకూ అత్తే గదా! పాలసొర్ర తెచ్చినా. వెల్లుల్లి దండిగా ఏసి పొడుం చేసిపెట్టు."

ప్రమీలమ్మకు కోపం రాబోయి నవ్వొచ్చింది. చేపలు తీసుకుంది. పద్మనాభయ్యగారికి మాత్రం నవ్వు రాలేదు. మర్నాడు మిల్లులో కాటా వేస్తుండగా పదిమందిలో హెబ్రోను, "మామా, చలివేంద్రానికి కొత్త కుండలు కావాల" అన్నాడు. కాటా వేసేవాళ్ళు నవ్వలేక బస్తాల చాటుకు పోయారు.

"ఎవుర్రా నీకు మామ?" అని గద్దించారాయన. తర్వాత పక్కకు పిలిచి గొంతు తగ్గించారు. "నువ్వు చేసింది చిన్న సాయం గాదు. నేను మరవను. ఏం కావాల్నో అడుగు. నీ షాపుకు రేకులు మార్పిస్తా."

"రేకులు బాగుండాయి మామా. మా మేనల్లుణ్ణి ఒక్కసారి ఒళ్ళో పెట్టుకుంటా. అంతే."

పద్మనాభయ్యగారు కండువా సర్దుకున్నారు. పేటవాడు తన మనవణ్ణి ఒళ్ళో పెట్టుకోవడం! "చూద్దాం లే" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ చూడ్డం నెలల తరబడి సాగింది. కార్యకర్తను మార్చేద్దామా అని కూడా ఆలోచించారుగాని, కుండలు మోయడానికి సభ్యులెవరూ ముందుకు రాలేదు.

టీ అంగట్లో హెబ్రోనుకు రోజూ పెళ్ళే. "ఏమన్నా, చెల్లెలు బాగుండాదా? ఇంకో బుడ్డి నెత్తురిచ్చినావంటే మిల్లులో వాటా అడగొచ్చు!" అని ఏడిపించేవాళ్ళు. హెబ్రోను వాళ్ళతోపాటు నవ్వేవాడు. పాలసొర్రలు మాత్రం మానలేదు. పెరటి వాకిట్లో ఇచ్చేవాడు. లోపల బిడ్డ ఏడుపు వినబడితే ఒక నిమిషం ఎక్కువ నిలబడేవాడు. అప్పుడప్పుడు కిటికీలోంచి ఇందిరమ్మ, "అన్నా, బాగుండావా?" అనేది. సారె తెచ్చినందుకు అతనికి దక్కింది అదే.

ఏడాది నిండకముందే పిల్లవాడికి చెవులు కుట్టడం పెట్టుకున్నారు. ముందు వాకిట్లో పెద్ద పందిరి వేశారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. హజరత్తయ్య బంగారు పోగులు, పట్టు లాగూ చొక్కా పళ్ళెంలో పెట్టుకుని మేళంతో వచ్చాడు. మీసాలకు నూనె కూడా రాశాడు. హెబ్రోనుకు సంఘం తరఫున పని ఉండనే ఉంది. వచ్చినవాళ్ళ సైకిళ్ళు వరసగా పెట్టాలి, నీళ్ళు మోయాలి. పందిరి బయట గుంజకానుకుని, లోపలికి చూస్తూ నిలబడ్డాడు.

కంసాలి కుడి చెవికి సున్నంతో గుర్తు పెట్టి, బంగారు తీగ గుచ్చాడు. పిల్లవాడు కెవ్వుమన్నాడు. చెవి తమ్మె మీద ఆవగింజంత నెత్తురు మెరిసింది. హజరత్తయ్య దాన్ని చూశాడు. ఆయన కళ్ళు ముందు తేలాయి, తర్వాత మీసాలు వాలాయి, చివరికి మనిషే పక్కకు ఒరిగాడు. ప్రమీలమ్మ చటుక్కున పిల్లవాణ్ణి అందుకోబట్టి సరిపోయింది.

నీళ్ళు చల్లారు, విసిరారు. హజరత్తయ్య లేవలేదు. పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"ఒక చెవి కుట్టి ఒకటి వదిలిపెడితే ఎట్టా?" అన్నాడు కంసాలి. "ముహూర్తం దాటిపోతాంది. ఇంకో మేనమామ ఎవురన్నా ఉండారా?"

లేడని అందరికీ తెలుసు.

"ఉండాడు" అంది ఇందిరమ్మ. పెళ్ళయి వచ్చిన తర్వాత పదిమందిలో ఆమె గొంతు వినడం అదే మొదలు. "హెబ్రోనన్నా, ఇట్టా రా."

పందిరి మొత్తం పద్మనాభయ్యగారి వైపు తిరిగింది. ఆయన నోరు తెరిచారు. మైకు ఉంటే ఏదో ఒకటి వచ్చేదేమో, అక్కడ మైకు లేదు. నోరు మూశారు.

"అట్టా నిలబడి చూస్తారేంది?" అని ప్రమీలమ్మ కేకలేసింది. "ఆ హజరత్తయ్యను పక్కకు లాగండి. చాపమీద చోటు చేయండి!"

హెబ్రోను చేతులు చూసుకున్నాడు. గబగబా తొట్టి దగ్గరికి పోయి మట్టి పెట్టి తోమాడు, కడిగాడు, మళ్ళీ తోమాడు. "వొచ్చే శుక్రవారానికి కుడతామా?" అని కంసాలి అరిస్తే అప్పుడు వచ్చి చాపమీద కూర్చున్నాడు. ఇందిరమ్మ తన చేతులతో పిల్లవాణ్ణి అతని ఒళ్ళో పెట్టింది.

కొత్త ఒడి చూసి పిల్లవాడు ఏడుపు రెట్టింపు చేశాడు. హెబ్రోనుకు పిల్లల్ని ఊరుకోబెట్టే విద్య ఏం తెలుసు? జేబులోంచి బెల్లు తీసి ట్రింగుమని మోగించాడు. పిల్లవాడు ఏడుపాపి, అదేమిటా అని గభాలున తల తిప్పాడు. కంసాలి తీగ అప్పటికే బయలుదేరింది. చేరవలసిన చోటికి కొంచెం పైన చేరింది.

"అయ్యో!" అన్నాడు కంసాలి.

పిల్లవాడు మాత్రం నవ్వుతున్నాడు. వాడికి బెల్లు కావాలి. చెవి వాడిది, కన్నీళ్ళు హెబ్రోనువి.

హజరత్తయ్య అప్పుడే లేచి కూర్చుని, "అయిపోయిందా?" అన్నాడు. సంగతి చెబితే ఆయనకు కోపం రాలేదు సరికదా, ప్రాణం లేచివచ్చింది. హెబ్రోను భుజంమీద చెయ్యి వేసి, "అన్నా, ఇకమీద నెత్తుటి పనులన్నీ నువ్వు చూసుకో. పలావు పనులు నేను చూసుకుంటా" అన్నాడు.

ఒక చెవి కుట్టినంతమాత్రాన ఊరు మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ రోజు భోజనాల్లో హెబ్రోనుకు ఆకు వేసింది పనివాళ్ళ వరసలోనే. నాకు ఒళ్ళు మండింది. హెబ్రోను రెండోసారి కూర వేయించుకుని, ఉప్పు కాస్త తగ్గిందన్నాడు.

ఆ తర్వాత వారం సంఘం కాలువ పూడిక తీయించాలని తీర్మానించింది. పద్మనాభయ్యగారు స్వయంగా సైకిలు షాపుకు వచ్చి, "రేపు తెల్లవారే మనుషుల్ని పిలుచుకొని రా" అన్నారు.

"రేపు కుదరదు మామా" అన్నాడు హెబ్రోను. సంఘం పుట్టిన తర్వాత అతను ఒక పని కాదనడం అదే మొదటిసారి. "చెల్లెలు ఇంటికి రమ్మనింది."

"ఏం పని?"

"పుట్టింటోళ్ళను పిల్చేదానికి పనేం కావాల మామా?"

పద్మనాభయ్యగారు గాలి పంపు పిడి ఒకసారి నొక్కి చూశారు. "సరే, పూడిక ఎల్లుండి పెట్టుకుందాం" అని వెళ్ళిపోయారు. ఎవుర్రా నీకు మామ అని మాత్రం అడగలేదు.

మర్నాడు పొద్దున్నే హెబ్రోను ఇస్కపల్లి నుంచి తిరిగివస్తూ బజార్లో కనిపించాడు. తెల్ల చొక్కా వేశాడు. సైకిలు హ్యాండిలుకు పాలసొర్రలు వేలాడుతున్నాయి.

"ఏ వాకిట్లో పోతావన్నా? ముందుదా, పెరటిదా?" అన్నాను. అతన్ని ఎత్తిపొడవాలనే అన్నాను.

"సొర్ర వాసన ముందు వాకిట్లో ఎందుకబయా? పెరట్లో ఇచ్చి, కాళ్ళు చేతులు కడుక్కొని, అట్టనే లోపలికి పోతా" అన్నాడు. "వాడు బెల్లు కోసం చూస్తాంటాడు."

జేబులో ఆ రోజు రెండు బెల్లులున్నాయి. సైకిలెక్కి తొక్కుతుంటే రెండూ కలిసి మోగాయి.