ఫ్యాను కింద ఎస్సెస్సెల్సీ పుస్తకం

ఆ రోజుల్లో మా అద్దంకి వైపు పల్లెల్లో, గుంటూరులో చదువుతున్న కుర్రాడంటే పెద్దవాళ్ళు కూడా కాస్త తగ్గి మాట్లాడేవారు. ఆ మర్యాద కోసమే నేను కాలేజీలో పీయూసీకి ఉబలాటపడ్డాను, చదువు మీద ప్రేమతో కాదు (ఈ మాట మా పిల్లల ముందు ఒప్పుకోను). నాన్నతో బస్సు దిగినప్పుడు తెరిచిన నోరు సాయంత్రం దాకా మూయలేదు. సందుకో పుస్తకాల కొట్టు. కాఫీ హోటలు ముందు ఇస్త్రీ చొక్కాల కుర్రాళ్ళు ఇంగ్లీషులో పోట్లాడుకుంటున్నారు. పుస్తకాలు గుండెకి హత్తుకుని ఆడపిల్లలు రిక్షాలు దిగి, ఎవరి తోడూ లేకుండా కాలేజీలోకి నడిచి వెళుతున్నారు. ఊరు ఊరంతా చదువుకోవడానికే పుట్టిందా అనిపించింది. ఇందులో నాకూ ఇంత చోటు దొరుకుతుందా అని భయమూ వేసింది.

భయానికి కారణముంది. సీట్లకి అదే ఆఖరు రోజు. "ఇయ్యాల సీటు రాకపోతే రేపు పొద్దున్నే గొర్రు పట్టాల్సిందేరా. పత్తి విత్తటానికి మనిషి చాలక నేను చస్తన్నా" అని నాన్న దారి పొడుగునా చెబుతూనే వచ్చాడు.

ప్రిన్సిపాలు గారి గదిలో అడుగుపెట్టగానే నా చూపు పైకి పోయింది. ఫ్యాను! నా నెత్తి మీదే తిరుగుతున్న ఫ్యానును చూడటం అదే మొదలు. ఆయన చెయ్యి చాపితే, పైకి చూస్తూనే గుడ్డసంచిలోంచి నా మార్కులున్న ఎస్సెస్సెల్సీ పుస్తకం తీసి ఇచ్చాను. దాన్ని మా నాయనమ్మ (కందిపప్పు దాచినట్టే) పురుగు పట్టకుండా పేజీల మధ్య ఎండుమిరపకాయలు పెట్టి ట్రంకుపెట్టెలో దాచింది. వాటిని తీసెయ్యాలని నాకు తట్టలేదు. పైగా బస్సులో ఎవరూ కొట్టెయ్యకుండా ఆ సంచి మీదే కూర్చుని వచ్చాను.

ఆయన పుస్తకం తెరిచారు. మెత్తగా నలిగిన కారమంతా గాలికి లేచింది. మొదట ఆయన తుమ్మారు, తర్వాత గుమాస్తా, ఆ తర్వాత బయట వరుసలో నిలబడ్డ సగం మంది. మిరప కల్లాల్లో పెరిగిన నాన్నా నేనూ మాత్రమే తుమ్మకుండా నిలబడ్డాం. దాంతో నేరం ఎవరిదో ఎవరికీ అనుమానం లేకపోయింది. నా చదువు అక్కడితో అయిపోయిందనుకున్నాను.

"ఎవరయ్యా ఇందులో మిరపకాయలు పెట్టింది?" అన్నారాయన కళ్ళజోడు తీసి.

"మా నాయనమ్మండి. పురుగు పడుతుందనండి."

"చదువుకుందా ఆమె?"

"లేదండి. వేలిముద్రండి."

ఆయన కళ్ళు తుడుచుకుంటూ కాసేపు ఆ పుస్తకాన్నే చూశారు. "నేనింత చదివానా, నా సర్టిఫికెట్లు చెదలు తినేశాయి" అన్నారు గుమాస్తాతో. "రాసుకోండి ఇతని పేరు."

ఇంటికి రాగానే నాన్న, "పెద్దాయన కళ్ళెంట నీళ్ళు పెట్టుకుని మరీ ఇచ్చాడే అమ్మా సీటు" అన్నాడు నవ్వుతూ. నాయనమ్మకి ఆ నవ్వు పట్టలేదు. "నా మనవడి మార్కులు చూసి అంత పెద్దాయనకి కన్నీళ్ళు ఆగలేదంట" అని బతికినన్నాళ్ళూ ఊరంతా చెప్పుకుంది (ఆ మార్కులకి ఎవరైనా ఏడవాల్సిందే). నేను సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి, కానీ ఎప్పుడూ కాదనలేదు.

తర్వాత ఆ గుంటూరులోనే కాలేజీలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. సీట్ల రోజుల్లో పల్లెటూరి పిల్లలు ఎదురుగా నిలబడి కాగితాలు చాపేవారు. వీటిని ఇంట్లో ఎవరు దాచి ఉంటారో అనుకుంటే, తుమ్ము రాకుండానే నా కళ్ళు చెమ్మగిల్లేవి. నాయనమ్మ కథ అబద్ధమని కుర్రతనంలో నవ్వుకున్నాను గానీ, ఆ రోజు ఆ గదిలో జరిగింది ఆమెకే సరిగ్గా అర్థమైందేమో.