ఎడారి రైల్లో స్నానాల తొట్టి

మా బావగారు రైలు కిటికీలోంచి బయటికి చూసే మనిషి కాదు. పాలకొల్లు నుంచి హైదరాబాదు వెళ్ళినా, బండి ప్లాట్‌ఫాం దాటకముందే తువ్వాలు పరిచి పేక తీసేవారు. అలాంటాయన, ప్రపంచంలో బాగా ఖరీదైన రైళ్ళలో ఒకటని చెప్పుకునే దాంట్లో కూర్చుని ఆఫ్రికా ఎడారులు చూసి రావడానికి బయల్దేరారంటే కారణం ఒకటే. క్లబ్బులో ఆయనతో పేకాడే మరో చెరువుల ఆసామి సింగపూర్‌లో పెద్ద ఓడ ఎక్కి వచ్చాడు. ఓడని మించింది ఏముందో కనుక్కోమని ట్రావెల్ ఏజెంటుకి చెప్పారు. ఆ ఏజెంటు రంగుల కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. అందులో ఎర్రటి ఇసుక, ఇసుక మధ్య నల్లటి పాత రైలు, కిటికీలో గ్లాసు పట్టుకున్న తెల్లవాడు. ఆ గ్లాసు చూసి బావగారు ఖాయం చేశారు.

ఆయన మా ఆయనకి అన్నగారు. పాలకొల్లు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో వాళ్ళ పొలాలుండేవి. తొంభైల్లో వరి మాన్పించి, ఉప్పు కాలువ నీళ్ళు మోటార్లతో తోడించి రొయ్యల చెరువులు చేశారు. రొయ్యకి రోగం వచ్చి చుట్టుపక్కలవాళ్ళు మునిగిపోయినప్పుడు ఆయన ముందే చేపలకి మారిపోయి తేలారు. ఆ ఒక్క అదృష్టాన్నీ తెలివితేటలుగా చెప్పుకుంటూ మిగతా జీవితమంతా గడిపారు.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచర్ని. నన్ను ఎందుకు తీసుకెళ్ళారంటే ఇంగ్లీషు కోసం. ఇంకో కారణం మా తోటికోడలు. ఆవిణ్ణి నేను అక్కా అంటాను. కోనసీమలో చిన్న ఊరి పిల్ల, మాట తక్కువ. తోడుగా ఆడమనిషి లేకపోతే విమానం ఎక్కనని చెప్పేసింది. మా ఆయనకి బ్యాంకులో సెలవు దొరకలేదు, నాకు వేసవి సెలవులు. అలా నేను దుబాసీగా బయల్దేరాను. ఎడారి చూడాలన్న ఆశ నాకు మాత్రం నిజంగానే ఉంది. కలహారి, నమీబ్ అని బోర్డు మీద రాసి, మ్యాపులో గోధుమరంగు సుద్దతో దిద్ది, ఎన్ని తరగతులకి చెప్పానో.

ప్రిటోరియా స్టేషన్లో మమ్మల్ని ఎర్ర తివాచీ మీద నడిపించారు. పక్కన ఒకమ్మాయి వయొలిన్ వాయిస్తోంది. రైలు మేనేజరు, తెల్ల చేతొడుగులు వేసుకున్న పొడుగాటి మనిషి, అందరికీ గ్లాసులిచ్చి ఉపన్యాసం చెప్పాడు. వందేళ్ళ కిందట దొరలు ఎలా ప్రయాణించేవారో ఈ రైల్లో అచ్చం అలాగే ఉంటుందట. కరెంటు దీపాలు కూడా పాత కిరసనాయిలు దీపాల్లా చేయించారట. రాత్రి భోజనానికి మగవాళ్ళు కోటూ టై లేకుండా రాకూడదట.

నేను బావగారికి ఇదంతా చెప్పి, వందేళ్ళ కిందట ఇదే దేశంలో మనవాడొకాయన్ని సామానుతో సహా రైల్లోంచి ప్లాట్‌ఫాం మీదికి తోసేశారని, ఆ పాఠం నేను ఏటా చెప్తానని అన్నాను.

"అప్పుడాయన దగ్గర డబ్బుల్లేవేమోనమ్మా," అన్నారు.

ఫస్ట్‌క్లాస్ టిక్కెట్టే ఉందని చెప్పాను.

"అయితే కోటు వేసుకుని ఉండడు."

వేసుకున్నాడని చెప్పడం దండగ. బావగారు అప్పటికే తన కోటు గుండీలు సర్దుకుంటున్నారు. పాలకొల్లులో కుట్టించిన ఉన్ని కోటు అది. చలిదేశం అనుకుని కుట్టించారు.

మాకిచ్చిన పెట్టె పెట్టె కాదు, సగం బోగీ. రెండు పడగ్గదులు, మధ్యలో సోఫాలు, ఇవతల స్నానాల గది. అందులో సింహం కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లటి తొట్టి. పడుకుని స్నానం చెయ్యచ్చు. తొట్టి పక్కనే పెద్ద కిటికీ. అంటే ఎడారిని చూస్తూ నీళ్ళలో పడుకోవాలన్నమాట. నీటి చుక్క దొరకని దేశం గుండా తొట్టినిండా నీళ్ళు మోసుకుపోవడమే ఆ రైలు గొప్ప. మేనేజరు అన్నిటికన్నా ఎక్కువసేపు ఆ తొట్టి గురించే చెప్పాడు. అక్క తొట్టిలోకి తొంగి చూసి, "ఇందులో ఎవరెవరు పడుకున్నారో," అని తలుపేసేసింది. రైల్లో ఉన్నన్నాళ్ళూ చెంబు లేదని, షాంపేన్ సీసా పెట్టుకునే వెండి బకెట్‌తో నీళ్ళు తోడుకుని పోసుకుంది.

తోటి ప్రయాణికుల గురించి ఎక్కువ రాయను, అంత సరుకు వాళ్ళలో లేదు. అందరూ ముసలివాళ్ళు, అందరూ డబ్బున్నవాళ్ళు, అందరూ గోధుమరంగు బట్టలు కుట్టించుకున్నారు. రైల్లోంచి కాలు కింద పెట్టని మనుషులకి అన్ని జేబుల చొక్కాలు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఒక ఇంగ్లీషాయన పులిని చంపడానికి వచ్చినవాడిలా టోపీ పెట్టుకుని చివరి బోగీలో కూర్చునేవాడు. ఆ బోగీకి మూడువైపులా అద్దాలు. ఎప్పుడు వెళ్ళినా ఆయన నోటి నుంచి ఒకటే మాట. ఎంత ఖాళీ, ఎంత ప్రశాంతం, ఒక్క మనిషి లేడు. ఆయన ఆ మాట అంటున్నప్పుడే పట్టాల పక్కన రేకుల ఇళ్ళు దాటిపోయేవి. ఇళ్ళ ముందు మనుషులుండేవాళ్ళు. వాళ్ళు ఆయనకి ఎందుకు ఆనలేదో, ఆయన కళ్ళజోడునే అడగాలి.

మా బావగారు ఆ బోగీకి ఒక్కసారే వచ్చారు. "ఏముందమ్మా ఇక్కడ, ఇసుక. మన అంతర్వేది దగ్గర లేదా?" అని తేల్చేసి వెళ్ళిపోయారు. మందు టిక్కెట్టులోనే కలిసి ఉందని తెలిశాక ఆయన మకాం బార్ బోగీకి మారింది. యానాం నుంచి డిక్కీలో వేసుకొచ్చే సరుకుతో నలభై ఏళ్ళు గడిపిన మనిషి. ప్రతి సీసా పేరూ నాచేత చదివించి, క్లబ్బులో చెప్పడానికి నోటికి పట్టించుకునేవారు.

ఎడారి మాత్రం నన్ను మోసం చెయ్యలేదు. నేను చెప్పిన పాఠాల్లో లేనిదేదో అక్కడ ఉంది. టెలిఫోను స్తంభాల మీద గడ్డివాములు ఎత్తిపెట్టినట్టు గిజిగాళ్ళ గూళ్ళు. ఒక్కో దాంట్లో ఊరంత సంసారం. పొద్దున ఇసుక నారింజరంగులో ఉండి, మధ్యాహ్నానికి పాలిపోయి, సాయంత్రం మళ్ళీ ఎర్రబడేది. అక్క కిటికీ దగ్గర కూర్చుని కదిలేది కాదు. భోజనాల బోగీకి ఒక పూట వచ్చి, పళ్ళెంలో ఇంతటి జింక మాంసం ముక్క, దాని మీద ద్రాక్షపండు చూసి, ఇక రానంది. కందిపొడి, చింతకాయ పచ్చడి తెచ్చుకుంది. వంటవాణ్ణడిగి అన్నం తెప్పించుకుని పెట్టెలోనే తినేది. బావగారికి అది తలవంపులు. ఆవిడ కడుపులో నెప్పని అందరికీ చెప్పమని నన్ను ఆజ్ఞాపించారు. నేను చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

నమీబియాలోకి వచ్చాక ఒక ఉదయం రైలు ఆగిపోయింది. రాత్రంతా గాలి వీచి ముందు పట్టాల మీదికి ఇసుక దిబ్బ జరిగిందట. పారలతో తీసేదాకా కదలదని మేనేజరు చెప్పాడు. ఆగింది స్టేషను కాదు. పక్కన మరో పట్టా, తుప్పు పట్టిన నీళ్ళ ట్యాంకు, రైల్వే కూలీల ఇళ్ళు కొన్ని. చెట్టు లేదు. మా గోధుమరంగు చొక్కాలవాళ్ళు మొదట సంబరపడ్డారు. సాహసం చేస్తున్నామనుకున్నారు. ఎండెక్కేసరికి ఇంజను దగ్గర ఏదో ఆపేసి ఏసీ తగ్గించారు. దాంతో సాహసం అయిపోయి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఐసు కరిగిపోయిందని ఒకావిడ ఏడుపు మొహం పెట్టింది.

అప్పుడు ఆ ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు వచ్చారు. పసుపురంగు నూనె క్యాన్లు పట్టుకుని రైలు పక్కన వరసగా నిలబడ్డారు. చెయ్యి చాచలేదు, గోల చెయ్యలేదు. మా బోగీ చూసుకునే పరిచారకుడికి వాళ్ళ భాష వచ్చు. అతన్నడిగితే చెప్పాడు. ఇక్కడ బావి లేదు, వీళ్ళకి నీళ్ళు రైల్లోనే వస్తాయి, ఆ నీళ్ళ బండి అదే ఇసుక దిబ్బకి అవతల ఆగిపోయింది, ట్యాంకు అడుగంటింది.

చివరి బోగీలోవాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. ఇందాకటి ఐసు ఆవిడకి జాలి కలిగి, స్నానాల గదిలో పెట్టిన చిన్న చిన్న సబ్బులు, షాంపూ సీసాలు కిటికీలోంచి కిందికి వేసింది. తాగడానికి నీళ్ళు లేనివాళ్ళకి సబ్బు. వాళ్ళు వాటిని తీసుకోలేదు. ఆవిడ చిన్నబుచ్చుకుంది.

నేను పెట్టెలోకి వచ్చి అక్కకి చెప్పాను. మాట పూర్తయ్యేసరికి అక్క స్నానాల గదిలో ఉంది. తొట్టికి బిరడా బిగించి కొళాయి తిప్పేసింది. కిటికీ కిందికి దించి, ముందున్నావిడని చేత్తో పిలిచింది. ఆవిడ క్యాను పైకెత్తింది. అక్క వంగి అందుకుని, వెండి బకెట్‌తో నింపి, మూత పెట్టి నాకిచ్చింది. నేను కిందికి దించాను. అలా ఒకదాని తర్వాత ఒకటి. మా చీరలు తడిసిపోయాయి. ఎవరి భాషా ఎవరికీ రాదు, మాట్లాడాల్సిందీ ఏమీ లేదు.

మేనేజరు వచ్చాడు, తెల్ల చేతొడుగులతోనే. వెనకాల బావగారు. మేనేజరు ఎంత మర్యాదగా చెప్పాడంటే అది విన్నవాళ్ళకి మొదట అర్థం కాదు, ఏం వద్దంటున్నాడో. ఈ నీళ్ళు అతిథుల సౌకర్యం కోసం. ఇలా పోసేస్తే పెద్ద స్టేషను వచ్చేదాకా స్నానాలుండవు. పైగా ఒకసారి పోస్తే వీళ్ళకి అలవాటైపోతుంది, ప్రతి రైలు దగ్గరికీ వస్తారు. ఇదంతా తెలుగులో అక్కకి చెప్పాను.

అక్క వెనక్కి తిరగలేదు. "ఈ తొట్టిలో నీళ్ళు నేను ఒంటిమీద పోసుకుంటే అడ్డొస్తాడేమో అడుగు."

అడిగాను. అయ్యో, ఎంతమాట, అవి మీ కోసమే కదా అన్నాడు.

"అయితే పోసుకున్నాననుకోమను."

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. అతను ఏదో అనబోయి, అతిథితో వాదించడం వాళ్ళ వందేళ్ళ పద్ధతుల్లో లేదు కాబోలు, తలవంచి వెళ్ళిపోయాడు.

బావగారు మిగిలారు. మొహం ఎర్రగా ఉంది. పొద్దున్నే మొదలెట్టిన మందు కొంత, కోపం కొంత. దొరల ముందు పరువు తీస్తున్నావన్నారు. కిటికీ మూసి ఇవతలికి రమ్మన్నారు. ఊళ్ళో అయితే ఆ గొంతు వినగానే అక్క లేచి నిలబడేది. ఇప్పుడు ఇంకో క్యాను అందుకుంది.

"మన చెరువులొచ్చాక పేటలో బావి ఉప్పెక్కిపోతే, ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మన గేటు దగ్గరికొచ్చారండి. మీరూ ఇదే మాటన్నారు. ఒకసారి పోస్తే అలవాటు పడతారని. ఆ రోజు నేను తలుపు చాటునుండి విన్నాను."

ఆ పేట చెరువులకి ఆనుకునే ఉంటుంది. అక్కడివాళ్ళు కాలవ దాకా నడిచి నీళ్ళు తెచ్చుకోవడం నేనూ చూశాను. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తగా నేను వినలేదు. బావగారు నా వైపు చూశారు, నేనేదో తర్జుమా చేసి తనని బయట పడేస్తాననుకున్నారో ఏమో. ఇది తెలుగే కదా, నా పని లేదు. కోటు భుజాన వేసుకుని బార్ బోగీకి వెళ్ళిపోయారు.

క్యాన్లన్నీ నిండేదాకా కొళాయి ఆగలేదు. చివరి ఆవిడ వెళ్తూ కిటికీలోంచి చెయ్యి చాచి అక్క మోచేతిని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది. సాయంత్రానికి ఇసుక తీశారు, రైలు కదిలింది. ఆ పూట భోజనాల దగ్గర మా బల్ల వైపు ఎవరూ చూడలేదు. స్నానాల్లేక అందరి దగ్గరా సెంటు వాసన, దాని కింద అసలు వాసన. ఉన్ని కోటులో బావగారు అందరికన్నా ఎక్కువ చెమటతో ఉన్నారు. అక్క ఆ రోజు మాత్రం భోజనాల బోగీకి వచ్చి, మా ఇద్దరి మధ్య కూర్చుని, తెచ్చిన అన్నమంతా తింది.

ఊరికొచ్చాక కథ మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మొదట క్లబ్బులో సీసాల పేర్లు, తొట్టి, కోటు. తర్వాత ఎవరో ఎడారిలో నీళ్ళకేం చేస్తారని అడిగారట. అక్కడి నుంచి ఆ నీళ్ళు మా బావగారే పోశారు. దొరల్ని ఎదిరించి, ఆఫ్రికా ఆడపడుచుల దాహం తీర్చారు. నేను వెళ్ళినప్పుడు నా ఎదుటే చెప్పారు, రెప్పవెయ్యకుండా, నన్ను సాక్ష్యం పెట్టి మరీ. అక్క కాఫీలు ఇచ్చి లోపలికి వెళ్ళింది. వంటింట్లో, ఖండించవేమని అడిగాను.

"ఆయన్ని అలాగే చెప్పుకోనీ. ఊరంతా విన్నాక ఇక లేదనలేరు కదా," అంది.

ఆ ఎండాకాలంలోనే చెరువుల పనివాళ్ళకి మంచినీళ్ళు తీసుకెళ్ళే ట్రాక్టరు ట్యాంకరుని ముందు పేట దగ్గర ఆపమని డ్రైవరుకి చెప్పింది. బావగారికి తెలిసింది. నీళ్ళు పోసిన మహానుభావుడిగా పేరు పడ్డాక ఎలా ఆపిస్తారు? ఆపించలేదు. కొన్నాళ్ళకి తన కథ చివర ట్యాంకరుని కూడా కలుపుకున్నారు. క్లబ్బువాళ్ళు శాలువా కప్పారు. నన్నూ పిలిచారు. ఆఫ్రికా సంగతి ఇంగ్లీషులో చక్కగా రాసిస్తే వాళ్ళ పత్రికలో వేస్తామన్నారు. పరీక్ష పేపర్లు దిద్దేవున్నాయని చెప్పి, వేదిక మీద ఫోటోలు తీస్తుండగానే లేచి వచ్చి రాజమండ్రి బస్సెక్కాను.