రెండో తీగ

ఇది రాయకూడదనే అనుకున్నాను. రేడియోలు బాగుచేసే మనిషి పోతే ఎవరు చదువుతారులే అన్నది పైకి చెప్పుకున్న కారణం. రాస్తే ఒక సంగతి దాచాలి, దాచితే ఆయన గురించి రాసినట్టే కాదు అన్నది అసలు కారణం. ఆ సంగతి తెలిస్తే కుప్పకూలిపోయే మనిషి ఒకామె ఉండేది. పోయినేడు ఆమె వెళ్లిపోయింది, ఇప్పుడు ఆయనా పోయారు. ఇక దాచి ఎవరిని కాపాడాలి?

మా పిడుగురాళ్ల రేడియో మాస్టారు గుంటూరు పెద్దాసుపత్రిలో పోయారన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు, చిల్లర చేతిలో పెడుతూ. ఊపిరితిత్తులట. సున్నపు బట్టీల పక్కన బతికినవాళ్లకు వేరే జబ్బు వెతుక్కోనక్కర్లేదు.

ఆయన ఏ బళ్లోనూ పాఠం చెప్పలేదు. పెద్ద యుద్ధంలో మిలిటరీ వైర్‌లెస్‌లో పనిచేసి వచ్చి, నా సోడా కొట్టు పక్కన రేడియో కొట్టు పెట్టారు. చెవులకు ఏదో తగిలించుకుని కూర్చునే మనిషిని మావాళ్లు డాక్టరనైనా అనాలి, మాస్టారనైనా అనాలి. ఊళ్లో డాక్టరు అప్పటికే ఒకాయన ఉన్నాడు.

ఒక శివరాత్రికి ఇద్దరం కోటప్పకొండ వెళ్లాం. ప్రభల ముందు డప్పులు, మైకులు, లక్ష గొంతులు. పక్కన ఎవరో తప్పిపోయిన పిల్ల కోసం మొత్తుకుంటున్నారు. మాస్టారు కళ్లు మూసుకుని నిలబడ్డారు. నాకు ఒళ్లు మండింది.

"పిల్లని ఎతకకుండా నిద్దరపోతున్నారేంది మాస్టారూ?"

"డప్పులు వింటన్నానయ్యా. ముందు రొద సంగతి తెలుసుకుంటే, రొద కానిది దానంతటదే బయటపడుద్ది."

కాసేపటికి ఒక బండి చాటుకు చెయ్యి చూపించారు. పిల్ల అక్కడే ఏడుస్తూ ఉంది. ఆయన విద్య అంతా ఇంతే. నాకు వినడం రాదు, అందుకే మాట్లాడటం అబ్బింది.

ఇక మరియమ్మ సంగతి. ఆమె కొడుకు దావీదు సిపాయి. చైనా యుద్ధంలో జాడ తెలియలేదని సర్కారు నుంచి కబురు వచ్చింది. చచ్చాడనీ లేదు, ఉన్నాడనీ లేదు. ఆ చలికాలంలో, పట్టుబడ్డ మన సిపాయిల పేర్లు అవతలి రేడియోలో చదువుతున్నారని ఎవరో అన్నారు. ఆమె తిన్నగా మాస్టారి కొట్టుకొచ్చి గడప మీద కూర్చుంది.

"అన్నా, మావోడి పేరు వస్తే చాలు. ఇంకేం అడగను."

ఆ స్టేషను ఒకచోట నిలవదు. ముల్లు చూపించే అంకెను నమ్మడానికి లేదు. మాస్టారు ఇంకో పెట్టెతో సన్నటి ఈల పుట్టించి స్టేషను మీదికి తెచ్చేవారు. ఈల బొంగురుపోతూ పోతూ ఆగిపోయిన చోట స్టేషను ఉన్నట్టు. కానీ ఎదురుగా వడ్ల మిల్లు. దాని మోటారు గరగరలో ఈల కూడా మునిగిపోయేది. మిల్లు ఆపమని యజమానిని అడిగితే, "మీ రేడియో ఆపుకోండి" అన్నాడు.

అప్పుడు మాస్టారు మిల్లు గోడ వారగా మూరెడు తీగ కట్టారు. పైకప్పు మీది పెద్ద తీగకు మాటా రొదా రెండూ వస్తాయి. ఈ చిన్నదానికి రొద ఒక్కటే రావాలి. చిన్నదాన్ని తిరగేసి పెద్దదానితో కలిపితే రొదను రొదే కొట్టేస్తుంది, మాట మిగులుతుంది. మిల్లులో వడ్లు పోస్తే గరగర ఒక తీరు, తొట్టి ఖాళీ అయితే ఇంకో తీరు. అందుకని చిన్నదాని రొద ఎంత కలపాలో తిప్పి సరిచేసే బిరడా మీద నుంచి వేలు తీయకుండా, రొద మారినప్పుడల్లా రవ్వంత తిప్పుతూ కూర్చునేవారు. "ఎక్కువ తినిపించమాకు, అలవాటైతే మాటని కూడా తినుద్ది" అనేవారు, అదేదో కుక్కయినట్టు.

ఒక సాయంత్రం స్టేషను దొరికింది. గొంతు ఇంగ్లీషులో పేర్లు చదువుతోంది. మన వైపు పేర్లు మొదలయ్యాయి. మరియమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మిల్లు గరగర పెరిగింది, మాస్టారు బిరడా తిప్పారు. "డే" అన్నంతవరకు విన్నాం. ఇంగ్లీషువాళ్ల నోట దావీదు డేవిడే. ఆపైన రొద పోయింది, గొంతూ పోయింది. రేడియోలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. బిరడా వెనక్కి తిప్పేసరికి ఇంకెవరో సింగు పేరు నడుస్తోంది.

మాస్టారు బయటికి నడిచారు, వెనక నేను. మిల్లు గోడ దగ్గర మూరెడు తీగకు ఇంకో తీగ ముడేసి ఉంది. అది పక్కింటి చూరు మీదుగా అవతలి వేపచెట్టుదాకా పోయింది. మరియమ్మ వాకిట్లో బట్టలారేసే తీగ. ముడి జారకుండా చీర పేలిక చుట్టింది. పెద్ద తీగకు మాట బాగా వస్తే చిన్నదాన్ని కూడా పెద్దది చేస్తే ఇంకా బాగా వస్తుందనుకుంది పాపం. అంత పొడుగు తీగ మాటనూ పట్టింది. మాటను మాటే కొట్టేసింది.

ఆయన లోపలికొచ్చి, పెట్టె కట్టేసి, "వాల్వు మాడింది చెల్లెమ్మా, తప్పు నాదే" అన్నారు.

"మావోడి పేరేనా అన్నా అది?"

"తెలవదమ్మా."

మర్నాడు తీగ చుట్ట చుట్టి ఆమెకు ఇవ్వబోయారు. "ఇక్కడ పనైపోయింది, తీసుకుపో."

"ఉంచన్నా. ఆరేసుకోడానికి నాకేం బట్టలున్నాయి."

తర్వాత కూడా రోజూ సాయంత్రం పెట్టె ముందు కూర్చున్నారు, ఆ స్టేషను పేర్లు చదవడం మానేసేదాకా. ఆ పేరు మళ్లీ రాలేదు. దావీదూ రాలేదు. ఆ వేళకు మాడిపోయే వాల్వు పెట్టినవాడు ఏం మాస్టారని ఊరు చాలాకాలం అనుకుంది. బేరాలు తగ్గాయి.

"నిజం చెప్పొచ్చుగా" అన్నానొకసారి.

"వాల్వు మీదకి తోస్తే వాల్వు ఏడవదు గందయ్యా" అన్నారు.

మరియమ్మను భూస్థాపన చేసిన రోజు కూడా ఆయన వెనక వరసలోనే నిలబడ్డారు.

మాస్టారి పెద్దకర్మ అయ్యాక ఆయన భార్య కొట్టు ఖాళీ చేయించింది. మేకుకు వేలాడుతున్న తీగ చుట్ట చూసి, "ఇది ఎవరిది అన్నయ్యా?" అని నన్నడిగింది. ఎవరూ అడగరులే, ఉంచుకోమన్నాను. పెరట్లో కట్టుకుంది. నిన్న అటు వెళితే, దాని మీద మాస్టారి చొక్కాలు రెండు ఆరేసి ఉన్నాయి.